అడవి తగ్గలేదంటున్నారు, మరి పులి పత్తి చేలోకి ఎందుకొస్తోంది?

పెద్దవాగు మాస్టారు (సిర్పూర్ వైపు)

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పోయిన వారం తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి అడిగిన ప్రశ్నకు నాకే తృప్తిగా జవాబు దొరకలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ఆ పిల్ల వాళ్ళమ్మ పత్తి ఏరడానికి కైకిలి పోతుంది. 2024 నవంబర్లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేలో పనిచేస్తున్న ఒక యువతిని పులి చంపింది, మీలో చాలామంది పేపర్లో చదివే ఉంటారు. ఆ తర్వాత ఫారెస్టువాళ్ళు ఊళ్ళలో మాస్కులు పంచారు. మనిషి మొహం బొమ్మ ఉన్న మాస్కును తల వెనక కట్టుకోవాలి. పులి వెనక నుంచి వస్తుంది కాబట్టి, మనిషి తనవైపే చూస్తున్నాడనుకుని ఆగుతుందని. పొద్దున పది తర్వాతే చేలోకి దిగాలి, సాయంత్రం నాలుగుకల్లా ఇంటికి రావాలి అన్నారు.

ఆ పిల్ల వాళ్ళమ్మ మాస్కు నేను చూశాను. ఎలాస్టిక్ తెగిపోతే పత్తి సంచి కుట్టే దారంతో ముడేసింది. వంగి ఏరుతుంటే అది జారి మెడ మీదికి వస్తుందట. రెండు చేతులా పత్తి పట్టుకుని మాటిమాటికీ దాన్ని పైకి ఎత్తుకోవాలి.

పిల్ల అడిగింది ఇది: "సార్, మ్యాపులో మన జిల్లా అంతా పచ్చగానే ఉంది కదా. అంత అడవి ఉంటే పులికి చాలదా? మా అమ్మ చేలోకి ఎందుకొస్తుంది?"

విస్తీర్ణం ఎంత అన్నది ఒకటి, ఆ అడవి ఏ ఆకారంలో మిగిలింది అన్నది ఇంకొకటి అని చెప్పబోయి ఆగిపోయాను. పిల్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? అనుభవం ఉన్నవాళ్ళు రాయండి.

రాజీవ్‌నగర్ రీడర్ (హైదరాబాద్)

మాస్టారూ, నాకు తెలిసినంతలో ఇది పులుల సంఖ్య పెరగడం వల్ల వచ్చిన సమస్య. 2006లో దేశం మొత్తమ్మీద 1,411 పులులు ఉన్నాయన్నారు. 2022 లెక్కల్లో సగటు అంచనా 3,682. అడవి అంతే ఉండి పులులు ఇంతగా పెరిగితే బయటికి రాక ఏం చేస్తాయి?

గడ్డిభూమి (ఎమ్మెస్సీ వైల్డ్‌లైఫ్ విద్యార్థిని)

రాజీవ్‌నగర్ గారూ, మీరు చెప్పింది సగం నిజం. మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవిలో వాటి సంఖ్య బాగా పెరిగింది. పిల్లలకు రెండేళ్ళు నిండేసరికి తల్లి వాటిని దగ్గర ఉండనివ్వదు. ముఖ్యంగా మగవి కొత్త చోటు వెతుక్కుంటూ వెళ్ళిపోవాలి. అది సమస్య కాదు, పులి బతుకే అంత. వెయ్యేళ్ళ కిందట కూడా అలాగే వెళ్ళేవి. తేడా ఎక్కడంటే, అప్పుడు బయల్దేరిన అడవికీ చేరిన అడవికీ మధ్య కూడా అడవే ఉండేది.

మాస్టారు, మీ పిల్లలకు ఒక పులి కథ చెప్పండి. యవత్మాల్ జిల్లా తిప్పేశ్వర్ అభయారణ్యంలో పుట్టిన మగపులికి 2019 ఫిబ్రవరిలో రేడియో కాలర్ వేశారు. జూన్‌లో అది ఇల్లు వదిలింది. మన ఆదిలాబాద్ జిల్లాలోకి వచ్చింది, మళ్ళీ మహారాష్ట్రలోకి పోయింది. ఐదు నెలల్లో 1,300 కిలోమీటర్లు నడిచి బుల్‌ఢానా జిల్లా జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. 2020లో కాలర్ తీసేనాటికి 3,000 కిలోమీటర్లు దాటింది. అందుకే దానికి వాకర్ అని పేరొచ్చింది. పగలు పొదల్లో, వాగుల్లో, పత్తి చేలల్లో పడుకుని రాత్రిళ్ళు నడిచేది. చివరికి చేరిన చోట తిండి ఉంది, నీళ్ళు ఉన్నాయి, కానీ ఒక్క ఆడపులి లేదు.

మీ వైపుకు 2024 చివర్లో వచ్చిన జానీ అనే పులి కూడా ఇంతే. నాందేడ్ జిల్లా కిన్వట్ నుంచి తోడు వెతుక్కుంటూ ఆదిలాబాద్, నిర్మల్ అడవుల్లోకి నడిచి వచ్చింది.

కాబట్టి ఆ పిల్లకు ఇలా చెప్పొచ్చు: పులి మీ అమ్మ చేనుకు రాలేదమ్మా, అవతలి అడవికి పోతోంది. దాని దారిలో మీ అమ్మ చేను ఉంది.

పెద్దవాగు మాస్టారు

ఆఖరి మాట రేపే చెబుతాను. చాలా సంతోషం తల్లీ.

లెక్కల వెంకయ్య (ఖమ్మం, రిటైర్డ్ లెక్చరర్)

మ్యాపులో పచ్చగా ఉండటం గురించి అడిగింది కదా ఆ అమ్మాయి. బోర్డు మీద గీసి చూపించండి, పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

పది కిలోమీటర్ల భుజం ఉన్న చదరం గీయండి. వంద చదరపు కిలోమీటర్ల అడవి అనుకోండి. అంచు నుంచి లోపలికి ఒక కిలోమీటరు దాకా బయటి గొడవ తగులుతుందనుకుందాం. పశువులు, కట్టెలు కొట్టేవాళ్ళు, ఎండ, గాలి, కుక్కలు, నిప్పు. ఈ ఒక కిలోమీటరు అనేది లెక్క కోసం పెట్టుకున్నది, నిజంలో జంతువును బట్టి మారుతుంది. అప్పుడు నిశ్శబ్దంగా మిగిలే నడుమ భాగం 8 × 8, అంటే 64.

ఇప్పుడు నిలువుగా ఒక రోడ్డు, అడ్డంగా ఒక రోడ్డు వేయండి. గీతలే కదా, విస్తీర్ణం తగ్గలేదు. కానీ ఇప్పుడవి నాలుగు ముక్కలు, ఒక్కోటి 5 × 5. ప్రతి ముక్కకూ నాలుగు వైపులా అంచు తీసేస్తే మిగిలేది 3 × 3, అంటే తొమ్మిది. నాలుగు తొమ్మిదులు 36.

ఒక్కో ముక్కను మళ్ళీ నాలుగు చేయండి. ఒక కాలువ, ఒక హైటెన్షన్ లైను, ఒక రైలు పట్టా, ఇంకో రోడ్డు వేస్తే అయిపోతుంది. పదహారు ముక్కలు, ఒక్కోదాని భుజం రెండున్నర. అంచు పోను మిగిలేది అర కిలోమీటరు × అర కిలోమీటరు. పదహారింటిలో కలిపి 4 చదరపు కిలోమీటర్లు.

64 నుంచి 4కు వచ్చాం. రికార్డుల్లో మాత్రం ఇప్పటికీ వంద చదరపు కిలోమీటర్ల అడవి. ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రోజు నాకు అన్నం సహించలేదు.

రాజీవ్‌నగర్ రీడర్

వెంకయ్య గారూ, ఈ కోణంలో నేనెప్పుడూ ఆలోచించలేదు. సంఖ్య పెరిగింది కదా అని నిశ్చింతగా ఉన్నాను.

కౌండిన్య రైతు (పలమనేరు)

పులి కథ మీది, ఏనుగు కథ మాది. మా చిన్నప్పుడు మా తావ ఏనుగు అంటే గుడి ఏనుగే. 1980ల మొదట్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు ఇటు రావడం మొదలైంది. అప్పటికి దాదాపు రెండు వందల ఏళ్ళుగా ఈ ప్రాంతంలో అడవి ఏనుగులు లేవని పెద్దసార్లు చెబుతారు. 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. మ్యాపులో చూడండి, వెడల్పు లేని సన్నని పట్టీ అది. వెంకయ్య సార్ చెప్పిన లెక్క దీనికి వేస్తే నడుమ ఏం మిగులుతుందో నాకు తెలీదు, అంతా అంచే అనిపిస్తుంది.

ఒక పెద్ద ఏనుగుకు రోజుకు నూట యాభై కిలోల పైనే మేత కావాలి. ఆ పట్టీలో అంత మేత ఏది? పక్కనే మా టమాటా, చెరకు, వరి, మామిడి. సోలార్ కంచె వేశారు. ఏనుగు ఎంత తెలివైందంటే, చెట్టును తోసి తీగ మీద పడేస్తుంది, తర్వాత గుంపు దాటుతుంది. కందకాలు తవ్వారు, రెండు వానలకు గట్లు జారి పూడిపోతాయి.

రెండేళ్ళ కిందట మా కోతకొచ్చిన వరిమడి ఒక్క రాత్రిలో పోయింది. తిన్నది పావు వంతు, తొక్కింది ముప్పావు. నేను ఏడ్చాను, అబద్ధం చెప్పను. తెల్లారి మడిలో చూస్తే పెద్ద అడుగుల మధ్యలో పళ్ళెమంత చిన్న అడుగు ఒకటి ఉంది. గున్నది. తల్లి కాళ్ళ మధ్యనే నడిచింది, ఎక్కడా పక్కకు పోలేదు. దాని మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.

కానీ ఒక మాట. కరెంటు తీగలు పెట్టి ఏనుగుల్ని చంపేవాళ్ళను నేను సమర్థించను. అలాగే నష్టపరిహారం కోసం రైతు ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తే, వాడికి ఏనుగు మీద ప్రేమ ఉండాలని కోరడం కూడా న్యాయం కాదు. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగుల్ని, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి తర్ఫీదు ఇచ్చినవాటిని, ఇచ్చింది. మంచిదే. కుంకీలు తరమగలవు. తరిమితే ఎక్కడికి పోవాలి అన్నదే ప్రశ్న. అటు తమిళనాడు రైతు తరుముతాడు, ఇటు మేం తరుముతాం. మధ్యలో ఆ గున్న.

గడ్డిభూమి

అన్నా, ఆ గున్న అడుగు గురించి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

మన్ననూరు దారి (అచ్చంపేట, ట్యాక్సీ డ్రైవర్)

నేను పదహారేళ్ళుగా హైదరాబాద్ – శ్రీశైలం రోడ్డు మీద బండి నడుపుతున్నా. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. యాత్రికులు చాలామంది గేటు దగ్గర గొడవ పడతారు. నేను కూడా మొదట్లో విసుక్కునేవాణ్ణి, ట్రిప్పు పోతుందని. ఒకసారి పొద్దున గేటు తీయగానే మొదటి బండి నాదే. రోడ్డు మీద చుక్కల దుప్పుల మంద పడుకుని ఉంది. రాత్రంతా వెచ్చగా ఉంటుందేమో తారు. లేచి నెమ్మదిగా అటు సగం, ఇటు సగం పోయాయి. రెండో బండి హారన్ కొట్టేసరికి ఇటున్న పిల్ల ఒకటి అటు దూకలేక, ఇటు పోలేక రోడ్డు నడుమ గుండ్రంగా తిరిగింది. ఆ రోజు నుంచి నేను గేటు దగ్గర గొడవ పడలేదు. పడేవాళ్ళకు సర్దిచెబుతా.

పగలు సంగతి వేరు. కోతులకు అరటిపళ్ళు వేస్తారు, అవి రోడ్డు పక్కకే అలవాటు పడి చక్రాల కింద పడతాయి. పాములు, తాబేళ్ళు, ఉడుములైతే లెక్కే లేదు. పులి చనిపోతే పేపర్లో వస్తుంది, వీటికి ఎవరూ రాయరు.

శేషాచలం కొమ్మ (తిరుపతి)

డ్రైవర్ అన్నా, నేల మీద నడవని వాటి సంగతి కూడా కలపండి. దేవాంగపిల్లి ఉంటుంది మా వైపు. గుప్పెడంత ఒళ్ళు, పెద్ద పెద్ద కళ్ళు, రాత్రిపూటే తిరుగుతుంది. అది కోతిలా దూకదు. ఒక కొమ్మ వదలకుండానే ఇంకో కొమ్మ పట్టుకుని పాకుతుంది. కొమ్మకు కొమ్మ కలిసినంత దూరమే దాని లోకం. రోడ్డు వెడల్పు చేయడానికి రెండు వైపులా చెట్లు కొట్టి, ఇరవై అడుగుల ఆకాశం తెరిస్తే మనకది మంచి రోడ్డు. దానికి సముద్రం. బెట్టుడుత కనీసం దూకగలదు, అదీ కొంత దూరమే.

తమిళనాడు వాల్పరైలో సింహపుచ్ఛ కోతుల కోసం రోడ్డు పైన చెట్టు నుంచి చెట్టుకు వంతెనలు కట్టారు. కోతులు వాడుతున్నాయి. మన ఘాట్ రోడ్లకు ఈ ఆలోచన ఎందుకు రాకూడదు?

స్పష్టంగా (బెంగళూరు)

ఇంత చర్చ ఎందుకండీ. అడవి మధ్యలో ఉన్న ఊళ్ళను బయటకు పంపిస్తే ముక్కలు మళ్ళీ కలుస్తాయి. మంచి ప్యాకేజీ ఇచ్చి తరలించాలి. కవ్వాల్ పులుల అడవిలో మైసంపేట, రాంపూర్ గూడేలను తరలించారు కదా. అదే పని అన్నిచోట్లా చేయాలి. తెలంగాణ ప్రభుత్వం 2025లో కారిడార్‌ను, అంటే పులులు నడిచే ఆ అడవి దారిని, కన్జర్వేషన్ రిజర్వ్‌గా (చట్టపరమైన రక్షణ ఉన్న ప్రాంతంగా) ప్రకటించి, మళ్ళీ వెనక్కి తగ్గడం నాకు చాలా బాధేసింది.

తుడుం (తిర్యాణి)

స్పష్టంగా గారూ, మీ బాధ అర్థమైంది. ఇప్పుడు మా బాధ వినండి. నేను గోండును, డిగ్రీ చదివి ఊళ్ళోనే ఉంటున్నా.

మీరు చెప్పింది జీవో 49. 2025 మే నెలాఖరులో వచ్చింది. కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్ అని పేరు. దాదాపు 1,492 చదరపు కిలోమీటర్లు, కవ్వాల్‌కూ తాడోబాకూ నడుమ ఉన్న అడవి. మా గూడేలన్నీ అందులోనే. ఆ కాగితం తయారైనన్ని రోజులూ మా ఊళ్ళో ఒక్క గ్రామసభ పెట్టలేదు. మాకు వాట్సాప్‌లో తెలిసింది. పోడు పట్టా రాని వాళ్ళు, వచ్చినా సర్వే పూర్తికాని వాళ్ళు నిద్రపోలేదు. ఊరికి వాగు మీద వంతెన అడిగితే ఫారెస్టు పర్మిషన్ లేదని ఏళ్ళుగా వింటున్నవాళ్ళం మేము. కొత్త పేరు పెడితే ఇంకెన్ని లేదులు వినాలో అని భయం. అందుకే రోడ్డెక్కాం. జూలైలో జీవో నిలిపేశారు. పులి వద్దని మేము రోడ్డెక్కలేదు, మమ్మల్ని అడగనందుకు ఎక్కాం.

మా పెద్దలు పులికి మొక్కుతారు. అయినా పశువు పోతే గుండె మండుతుంది. 2024 జనవరిలో దరిగాం వైపు విషం కలిపిన పశువు కళేబరం తిని పులి చచ్చిపోయినప్పుడు మా తాత రెండు రోజులు మాట్లాడలేదు. విషం పెట్టినోడి ఎద్దు పోయిన సంగతీ ఆయనకు తెలుసు, పులి పోయిన సంగతీ తెలుసు. ఎవరి వైపు మాట్లాడతాడు?

ఇంకో మాట అడుగుతా. అడవి ముక్కలైంది మా గుడిసెల వల్లా? గుడిసెకు పునాది కూడా ఉండదు. నాలుగు లైన్ల రోడ్డు, మూడో రైలు లైను, ఓపెన్‌కాస్ట్ గని, కరెంటు టవర్లు, వీటిని ఏ ప్యాకేజీ ఇచ్చి తరలిస్తారు? కదిలించడానికి సులువుగా ఉన్నవాళ్ళనే కదిలించడం కనబడుతోంది నాకు.

పులులు కవ్వాల్ కోర్‌లో (నడి అడవిలో) కన్నా ఈ దారిలోనే ఎక్కువగా ఆగుతున్నాయి. 2015 ప్రాంతంలో వచ్చిన ఫాల్గుణ అనే ఆడపులి కాగజ్‌నగర్ అడవిలోనే పిల్లల్ని పెట్టింది. అంటే మేమున్న అడవిలోనే. మమ్మల్ని చూసి పారిపోలేదు కదా. మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఏ వాగు వెంట వస్తుందో, ఏ గుట్ట దగ్గర ఆగుతుందో మా పశువుల కాపరులకు తెలుసు.

స్పష్టంగా (బెంగళూరు)

తుడుం గారూ, గ్రామసభ పెట్టలేదన్న సంగతి నాకు నిజంగా తెలీదు. ఊళ్ళను తరలించడం గురించి నేను తేలిగ్గా రాసేశాను, అది తప్పు. క్షమించండి. కారిడార్‌కు చట్టపరంగా ఏదో ఒక రక్షణ కావాలన్న అభిప్రాయం మాత్రం నాకు ఇప్పటికీ ఉంది. లేకపోతే రేపు గని కంపెనీ వస్తే ఆపడానికి మీ చేతిలోనూ ఏ కాగితమూ ఉండదు.

తుడుం

అందులో నిజముంది. కాగితం కావాలి. దాని మీద మా గ్రామసభ సంతకం కూడా ఉండాలి. అంతే.

నాగపూర్ తెలుగింటి (నాగపూర్)

రోడ్డును తరలించలేం అన్నారు కాబట్టి, రోడ్డు ఉండగానే ఏం చేయొచ్చో నేను కళ్ళారా చూసింది రాస్తాను. హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ మీదుగా మా ఊరికి వచ్చే 44వ నంబరు జాతీయ రహదారే మా ఊరు దాటి ఉత్తరానికి పోతే పెంచ్ పులుల అడవి మీదుగా సివనీ వెళ్తుంది. అక్కడ పెంచ్‌కూ కాన్హాకూ మధ్య జంతువుల దారిని రోడ్డు కోస్తుంది. విస్తరణ పనులు కోర్టుల్లో ఏళ్ళ తరబడి ఆగాయి. చివరికి మహారాష్ట్ర వైపు రోడ్డును స్తంభాల మీదికి ఎత్తి, కింద జంతువులకు దారులు వదిలారు. మొత్తం తొమ్మిది, అందులో ఐదు ప్రత్యేకంగా జంతువుల కోసం కట్టినవి, నాలుగు చిన్న వంతెనలు. అతి చిన్నది 50 మీటర్లు, పెద్దది 750 మీటర్లు. పైన రోడ్డుకు రెండు వైపులా లైట్ల వెలుగు, చప్పుడు కిందికి పోకుండా అడ్డుగోడలు ఉన్నాయి. కారులో పోతుంటే అడవి కనబడదు, పిల్లలు నిరాశ పడతారు. అడవికి మనం కూడా కనబడం, అది ముఖ్యం.

2019లో కింద కెమెరాలు పెట్టి చూస్తే 18 రకాల జంతువులు ఆ దారుల్ని వాడాయి. పులులు 89 సార్లు దాటాయి. దుప్పులు, అడవిపందులు, రేచుకుక్కలు అన్నీ ఉన్నాయి. ఎక్కడ కట్టాలన్నది కీలకం. జంతువులు ఎప్పటినుంచో నడిచే చోట కట్టాలి, ఇంజినీరుకు సులువైన చోట కాదు. తుడుం గారు చెప్పిన కాపరుల జ్ఞానం అక్కడే అవసరం.

లంకమల (కడప)

అందరూ పెద్ద జంతువుల గురించి రాస్తున్నారు. అరచేతి కన్నా కాస్త పెద్ద పిట్ట గురించి రాయనివ్వండి.

కలివికోడి. ప్రపంచంలో మా లంకమల చుట్టుపక్కల తప్ప ఇప్పుడు ఎక్కడా ఆచూకీ లేని పక్షి. 1848లో జెర్డాన్ అనే డాక్టరు మొదట రాశాడు. 1900 తర్వాత కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర మా ఊరివాడొకడు రాత్రి బ్యాటరీ లైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్ళ తర్వాత ప్రపంచానికి అది బతికే ఉందని తెలిసింది. 1988లో దాని మీద తపాలా బిళ్ళ వచ్చింది, దానికోసం లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

ఈ పిట్టకు దట్టమైన అడవి అక్కర్లేదు, ఖాళీ బయలూ పనికిరాదు. కలివి, రేగు, తుమ్మ పొదలు అక్కడక్కడా, నడుమ ఉత్త నేల. పరిశోధకులు పొదలు లెక్కపెట్టి మరీ చెప్పారు, మనిషెత్తు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 ఉన్నచోటే అది ఎక్కువగా ఉంటుందని. గొర్రెలు మేపుకునే చిట్టడవి అంటాం మేము. పనికిరాని భూమి అంటుంది రెవెన్యూ రికార్డు. అలాంటి చోటే తెలుగుగంగ కాలువ వచ్చింది. ప్రపంచంలో ఉన్న కాసింత చోటును కాలువ కోస్తోందని కొట్లాడితే దారి మార్చారు. కాలువ నీళ్ళు మాకూ కావాలి, కాదనను. కానీ నీళ్ళొస్తే పొదలు పోయి నిమ్మతోటలు వస్తాయి, తోటకూ తోటకూ నడుమ మిగిలిన పొదల తునకలో పిట్ట ఒంటరిదవుతుంది. తర్వాత ఏళ్ళ తరబడి జాడ లేదు. 2025 ఆగస్టులో దాని కూత మళ్ళీ రికార్డయిందని తెలిసిన రోజు మా ఇంట్లో పాయసం చేశాం.

రోళ్ళపాడులో బట్టమేక పిట్టకు ఇదే జరిగింది. దానికోసమే 1988లో పెట్టిన అభయారణ్యంలో ఇప్పుడది లేదు. గడ్డిభూమిని అడవిగా లెక్కవేయం కాబట్టి అది ముక్కలైన సంగతి కూడా లెక్కలోకి రాదు.

మాస్టారూ, మీ పిల్లలకు ఒక పని చెబుతా. కలివికోడి రాత్రిపూట తిరుగుతుంది, కనబడదు. అందుకని నేల మీద సన్నని మట్టి జల్లెడ పట్టి పట్టీలుగా పరిచేవాళ్ళు. తెల్లారి అందులో అడుగులు చూసేవాళ్ళు. ఖర్చు లేదు. మీ ఊరి రోడ్డు కింద తూము ఏదైనా ఉంటే, ఫారెస్టువాళ్ళను తోడు తీసుకుని అక్కడ మట్టి పరచండి. మీ అడవి కలిసే ఉందో, తెగిపోయిందో పిల్లలే చదువుకుంటారు.

గడ్డిభూమి

లంకమల గారి సలహా చాలా బాగుంది మాస్టారు, తప్పక చేయండి.

ఈలోపు వెంకయ్య గారి లెక్కకు ఒక ముక్క కలుపుతాను. దారి తెగితే జరిగే నష్టం వెంటనే కనబడదు. ఒడిశా సిమ్లిపాల్ పులుల్ని చూడండి. వాటికి దగ్గర్లో వేరే పులుల గుంపు లేదు, బయట నుంచి కొత్త రక్తం దానంతటదే రాదు. అక్కడ చారలు వెడల్పై, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒళ్ళు నల్లగా కనబడే పులులు ఉన్నాయి. ఒక జన్యువులో మార్పు వల్ల అలా జరుగుతోందని 2021లో బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు తేల్చారు. మిగతా అడవుల్లో ఎక్కడా కనబడని మార్పు అక్కడ చాలా పులుల్లో ఉంది, ఎందుకంటే వాటిలో అవే జత కడుతున్నాయి. ఫొటోల్లో నల్లపులి అందంగా ఉంటుంది, అందరూ షేర్ చేస్తారు. నాకు మాత్రం అది చూసినప్పుడల్లా తలుపు మూసిన ఇల్లు గుర్తొస్తుంది. ఈసారి బయటపడింది రంగు. రేపు బయటపడేది ఏ జబ్బో అయితే?

పెద్దవాగు మాస్టారు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి, రాయడానికి ఏదైనా ఉన్నాకే రావాలనుకున్నాను.

ఫారెస్టు బీట్ ఆఫీసర్ గారిని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నారు. యానిమల్ ట్రాకర్లు ఇద్దరు తోడు వచ్చారు. ఊరికి కిలోమీటరు దూరంలో రోడ్డు కింద పైపు తూము ఉంది, నాలుగడుగుల ఎత్తు, ఇప్పుడు నీళ్ళు లేవు. వాగు ఇసుక జల్లెడ పట్టి, రెండు మూతుల దగ్గరా బారెడు వెడల్పున పరిచాం. పిల్లల్ని అక్కడికి తీసుకుపోలేదు. ట్రాకర్లు, నేను రోజూ పొద్దున పది దాటాక పోయి ఫొటోలు తీసుకొస్తాం, పిల్లలు బడిలో పుస్తకం చూసి పోల్చి రిజిస్టరులో రాస్తారు. రాసే బాధ్యత ఆ పిల్లదే. దస్తూరి చక్కగా ఉంటుంది.

పన్నెండు రోజుల్లో తూములోంచి అటూ ఇటూ దాటినవి: ముంగిస దాదాపు ప్రతిరోజూ. నక్క నాలుగు సార్లు. ముళ్ళపంది రెండు సార్లు, ఒకసారి ముల్లు కూడా వదిలిపోయింది, అది ఇప్పుడు మా ల్యాబ్‌లో ఉంది. అడవిపిల్లి ఒకసారి. గోళ్ళ గుర్తులు లేకపోతే పిల్లి జాతి అని నక్క అడుగు పక్కన పెట్టి ట్రాకర్ అన్న చూపించాడు. ఉడుము ఒకటి, అడుగుల నడుమ తోక ఈడ్చిన గీత వంకరటింకరగా ఉంది.

మమ్మల్ని ఆపేసింది తొమ్మిదో రోజు. చుక్కల దుప్పుల గిట్టలు, మూడో నాలుగో జంతువులవి, పడమటి మూతి దాకా వచ్చాయి. ఇసుక మీద చాలాసేపు నిలబడినట్టున్నాయి, ఒకదాని మీద ఒకటి తొక్కుళ్ళు. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగాయి. పదకొండో రోజు మళ్ళీ వచ్చాయి, మళ్ళీ వెనక్కే. ఇవతలి వైపు చెరువు ఉంది. నీళ్ళ వాసన తెలుస్తోంది కానీ లోపలికి దిగలేకపోతున్నాయి.

రిజిస్టరులో ఆ పిల్ల ఇలా రాసింది: "దుప్పులు. వచ్చినవి. పోలేదు."

నాగపూర్ తెలుగింటి

మాస్టారూ, ఒకటి చూడండి. పడమటి మూతి దగ్గర వంగి చూస్తే అవతలి వెలుతురు కనబడుతోందా? దుప్పి, మనుబోతు లాంటివి అవతలి వైపు తెరిపిగా కనబడకపోతే చీకటి సొరంగంలోకి అడుగుపెట్టవు. పెంచ్‌లో దారులు అంత వెడల్పుగా ఉండటం అందుకే.

పెద్దవాగు మాస్టారు

ఇప్పుడే ఫొటోలు మళ్ళీ చూశాను. వెలుతురు లేదు. తూర్పు మూతికి అడ్డంగా లాంటానా పొద ఉంది, దానికింద పోయిన వానలకు కొట్టుకొచ్చిన మట్టి సగం దాకా పేరుకుంది. ముంగిసకు, నక్కకు సందు చాలు. దుప్పికి చాలదు. పైపు ఎలాగూ చిన్నదే, అది మార్చడం మన చేతిలో లేదు. పొద, మట్టి తీయడం చేతిలో ఉంది. బీట్ ఆఫీసర్ గారికి ఫోన్ చేశాను, ఆదివారం మనిషిని పంపుతానన్నారు.

తుడుం

మాస్టారూ, నేనూ మా తమ్ముడూ బండి మీద వస్తాం, రెండు గంటల దారి. లాంటానా వేరు లోతుగా ఉంటుంది, పైన కొడితే మళ్ళీ చిగురిస్తుంది, తవ్వి తీయాలి. గడ్డపార, పార మేము తెస్తాం.

పెద్దవాగు మాస్టారు

రండి తమ్ముడూ, అన్నం మా ఇంట్లోనే. పది దాటాకే తూము దగ్గరికి పోదాం. నాలుగుకల్లా వెనక్కి వచ్చేయాలి.